వేసవి ఉరుముల వారంలో మౌసమ్, దామిని: బెంగళూరు మేడ మీద వడియాలు పెట్టేవారి సమీక్ష

బెంగళూరులో ఏప్రిల్, మే నెలలు మేడ మీద సరుకు ఎండబెట్టుకోవడానికి అన్నివిధాలా అనువైన కాలం. ఉరుములు, ఈదురుగాలులతో సాయంత్రపు వానలు పడే కాలమూ అదే. కె.ఆర్.పురం వైపు మేము కొందరు ఆడవాళ్లం కలిసి గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, అప్పడాలు, చల్లమిరపకాయలు తయారుచేసి, చుట్టుపక్కల తెలుగు ఇళ్లకూ రెండు మూడు దుకాణాలకూ ఇస్తుంటాం. ఏడాదికి సరిపడే సరుకంతా ఈ రెండు నెలల్లోనే ఎండాలి కనుక, పప్పు, ఉప్పు, మిరపకాయల్లాగే వాతావరణ సూచన కూడా మాకు ముడిసరుకే. ఈ వేసవిలో ఒక వారం, మొదటి సగమంతా సాయంత్రమయ్యేసరికి ఉరుములు, గాలివానలు పట్టి, రెండో సగంలో మబ్బు విడిపోయి ఎండ రోజురోజుకూ ముదిరింది. ఆ వారమంతా వాతావరణ సమాచారం ఇచ్చే సేవలను పక్కపక్కన పెట్టుకుని పని నడిపించాం. అవి ఎంతవరకు పనికొచ్చాయో, ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. భారత వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్‌నూ, పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్‌నూ కలిపి వాడుకుంటే బెంగళూరు వేసవిని బాగానే ఎదుర్కోవచ్చు. మొదటిది ముందురోజు సాయంత్రం నిర్ణయం తీసుకోవడానికి, రెండోది మధ్యాహ్నం మేడ మీదికి పరుగెత్తాలా వద్దా అని తేల్చుకోవడానికి. ఫోన్‌తో పాటే వచ్చి, గంటగంటకూ సూర్యుడి బొమ్మో మబ్బు బొమ్మో చూపించే యాప్‌లను ఉష్ణోగ్రత వరకు చూసుకోవచ్చు గాని, ఉరుముల వాన విషయంలో వాటి మీద ఆధారపడమని ఎవరికీ చెప్పలేను.

ఏ సేవ మంచిదో చెప్పాలంటే దానితో మనకు పడే అవసరం ఏమిటో ముందు చెప్పాలి. గుమ్మడి వడియాలకు బూడిద గుమ్మడికాయ ముక్కలను ముందురోజే ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటగట్టి, నీరు దిగేలా మీద బరువు పెట్టాలి. మినప్పప్పు కూడా ఆ రాత్రే నానాలి. అంటే మర్నాడు ఎండ కాస్తుందో లేదో ముందురోజు సాయంత్రానికే తెలియాలి. తెల్లవారి పిండి రుబ్బిన తర్వాత వెనక్కి తగ్గే వీలుండదు. మొదటి రోజు ఎండ సరిగ్గా తగలని వడియం లోపల పచ్చిగా ఉండిపోయి పులుస్తుంది, మూడో రోజుకు బూజు కనిపిస్తుంది. చల్లమిరపకాయల సంగతి వేరు. రాత్రి ఉప్పు మజ్జిగలో నానేసి పగలు ఎండబెట్టే పని కనుక, ఒక పూట వాన పడితే వాటిని మరో రోజు మజ్జిగలోనే ఉంచేయవచ్చు. వాన వచ్చేలా ఉన్న రోజుకు మిరపకాయలు, ఎండ ఖాయమైన రోజుకు గుమ్మడి వడియాలు అన్నది మా పద్ధతి. ఈ పద్ధతి నడవాలంటే సూచన రెండు వేళల్లో కావాలి: ముందురోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక మళ్లీ మళ్లీ.

ఇక ఆ వారపు వాతావరణం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. వేసవిలో ఈ నేల బాగా వేడెక్కుతుంది. విదర్భ, మరాఠ్వాడాల నుంచి ఉత్తర కర్ణాటక మీదుగా తమిళనాడు వైపు, సముద్రమట్టానికి సుమారు కిలోమీటరు ఎత్తున, ఒక ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడడం ఈ కాలంలో మామూలే. దానికి తూర్పు వైపు బంగాళాఖాతం నుంచి తేమగాలులు, పడమటి వైపు పొడిగాలులు వీస్తాయి. ఆ తేమ నగరం మీదికి చేరిన రోజున, మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా వేడెక్కిన గాలి వేగంగా పైకి లేచి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు వరకు పెరిగే క్యుములోనింబస్ మేఘంగా మారుతుంది. వాన మొదలయ్యాక ఆ మేఘం నుంచే చల్లగాలి ఒక్కసారిగా కిందికి దూకి నేలమీద నలువైపులా పరుచుకుంటుంది. చినుకు పడేలోపే మేడ మీద పరిచిన గుడ్డలు ఎగిరిపోయేది ఈ గాలికే. ఒక్కో మేఘం ఆయుష్షు గంట లోపే, దాని వెడల్పు పదిహేను కిలోమీటర్లు దాటడం అరుదు. అందుకే యలహంకలో వీధులు నదులైన సాయంత్రం కె.ఆర్.పురంలో దుమ్ము రేగుతూ ఉండవచ్చు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, వాతావరణ సూచన నుంచి ఏం ఆశించాలో, ఏం ఆశించకూడదో సగం తెలిసిపోతుంది.

మౌసమ్ యాప్‌ను 2020 జులైలో విడుదల చేశారు. దీన్ని రూపొందించడంలో వాతావరణ శాఖ, పుణే సంస్థలతో పాటు మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పాలుపంచుకుందన్న సంగతి తెలుగువారికి తెలియాలి. అందులో ప్రస్తుత వాతావరణం, రానున్న 7 రోజుల సూచన, జిల్లాల వారీ హెచ్చరికలు, మూడు గంటలకొకసారి వచ్చే నౌకాస్ట్, అంటే అతి దగ్గరి గంటల సూచన, ఉంటాయి. హెచ్చరికలకు నాలుగు రంగులు: ఆకుపచ్చ అయితే భయం లేదు, పసుపు అయితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే వెంటనే తగిన చర్య తీసుకోవాలి. ముందురోజు సాయంత్రపు నిర్ణయానికి మేము ఈ రంగులనే చూసుకున్నాం. ఆ వారం మొదటి రోజుల్లో బెంగళూరు అర్బన్ జిల్లాకు పసుపు రంగు, ఉరుములు మెరుపులతో కూడిన వాన, గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అన్న సూచన ఉండేవి. అది చూసి పప్పు నానబెట్టడం ఆపి, మజ్జిగలో మిరపకాయలు వేసుకున్నాం. ప్రతిసారీ ఆ నిర్ణయం సరైనదేనని సాయంత్రానికి తేలింది.

మాకు పనిలో సాయం చేసే ఆమెది కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర ఊరు. మామిడి తోటల మధ్య పెరిగిన మనిషి కనుక గాలివాన అంటే ఏమిటో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. "పప్పు నానేసేదా అక్కా?" అని రోజూ సాయంత్రం అడిగేది. "పసుపే ఉంది, ఈ పొద్దు వద్దులేమ్మా" అంటే మళ్లీ ప్రశ్నించకుండా మిరపకాయల గంప దించేది. ఇద్దరికీ అర్థమయ్యే ఒక్క రంగుతో రోజు పని తేలిపోవడం చిన్న విషయం కాదు. శాతాలు, అంకెలు, గ్రాఫులు ఇచ్చే సేవలు ఈ పని చేయలేవు.

అయితే ఆ రంగు జిల్లా మొత్తానికి ఒకటే. ఏప్రిల్ రెండో సగం నుంచి మే చివరి వరకు పసుపు రంగు తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. దాని వెంట ఉండే మాటలను జాగ్రత్తగా చదివితే మరికొంత తెలుస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో "ఒకటి రెండు చోట్ల" అన్నది ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు, "కొన్ని చోట్ల" అన్నది సగం వరకు, "చాలా చోట్ల" అన్నది మూడు వంతుల వరకు వాన పడడాన్ని సూచిస్తుంది. ఒకటి రెండు చోట్ల అన్నప్పుడు మన మేడ తప్పించుకునే అవకాశమే ఎక్కువ. అలాంటి రోజున సగ్గుబియ్యం జావ కాచి, పొద్దున్నే వడియాలు పెట్టేసి, మధ్యాహ్నం రెండింటికి తీసి లోపల పెట్టుకోవచ్చు. చాలా చోట్ల అన్నప్పుడు మేడ ఎక్కే పనే పెట్టుకోకూడదు. వార్తాఛానెళ్లు ఈ తేడాను వదిలేసి "బెంగళూరుకు భారీ వర్ష సూచన" అని చెప్పేస్తుంటాయి. భారీ వర్షం అనడానికి 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడాలన్న కొలత వాతావరణ శాఖకు ఉంది. అసలు బులెటిన్ చదివితే ఈ గందరగోళం ఉండదు.

నౌకాస్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాబోయే మూడు గంటల వరకే చెప్పే సూచన ఇది. అంతకంటే ముందుగా ఒక్కో మేఘం గురించి చెప్పడం ఏ దేశపు వాతావరణ శాఖకూ తేలికైన పని కాదు. ఉపగ్రహ చిత్రాలు, రాడార్ చిత్రాలు, పిడుగుల సమాచారం చూసి ఇప్పటికే పుట్టిన మేఘం ఎటు కదులుతోందో చెప్పడమే దీని పని. మధ్యాహ్నం పన్నెండు దాటాక దీన్ని చూడడం మొదలుపెడితే చాలు. సరుకు తీసుకుని స్కూటర్ మీద వైట్‌ఫీల్డ్‌కో మారతహళ్లికో వెళ్లాల్సినవాళ్లు బయలుదేరే ముందు తప్పకుండా చూడాలని నా గట్టి అభిప్రాయం. 2023 మే 21న ఇలాంటి వేసవి వానలోనే కె.ఆర్.సర్కిల్ అండర్‌పాస్‌లో నీళ్లు నిండి, కారులో చిక్కుకున్న మన ఆంధ్రప్రదేశ్ అమ్మాయి, ఇరవై రెండేళ్ల ఐటీ ఉద్యోగిని, ప్రాణాలు కోల్పోయింది. ఆ వాన పడింది కొద్దిసేపే. ఈ నగరంలో ప్రాణాపాయం తేవడానికి ఆ కొద్దిసేపే చాలు. నౌకాస్ట్‌లో నారింజ రంగు కనిపిస్తే, సరుకు మర్నాడు ఇస్తామని దుకాణానికి ఫోన్ చేయడంలో నామోషీ ఏమీ లేదు.

దామిని యాప్ పిడుగుల కోసం చేసింది. దేశమంతటా ఏర్పాటుచేసిన సెన్సర్లు మెరుపు నుంచి వెలువడే రేడియో తరంగాలను పట్టి, అది ఎక్కడ పడిందో లెక్కగడతాయి. యాప్ తెరవగానే మనం ఉన్న చోటు మధ్యలో, దాని చుట్టూ 20 కిలోమీటర్ల వలయం, 40 కిలోమీటర్ల వలయం కనిపిస్తాయి. గత 5 నిమిషాల్లో, 10 నిమిషాల్లో, 15 నిమిషాల్లో పడిన మెరుపులు వేర్వేరు రంగుల్లో గుర్తులుగా వస్తాయి. తెలుగులోనూ వాడుకోవచ్చు, కన్నడంలోనూ వాడుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో వేసి ఇవ్వడానికి ఇంతకంటే తేలికైనది నేను చూడలేదు.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం దీని విలువ స్పష్టంగా తెలిసింది. రెండు దాటింది. మేడ మీద చురుక్కుమనే ఎండ, తలెత్తి చూస్తే తూర్పున తెల్లటి మబ్బు గుట్టలు తప్ప ఏమీ లేవు. దామినిలో మాత్రం మాలూరు వైపు, 40 కిలోమీటర్ల వలయం లోపల, గుర్తులు గుంపుగా కనిపిస్తున్నాయి. పది నిమిషాలాగి చూస్తే పాత గుర్తులకు పడమటి పక్కన కొత్తవి వచ్చాయి. అంటే మేఘం మావైపే కదులుతోంది. మరికాసేపటికి హోస్కోటే వైపు, 20 కిలోమీటర్ల వలయం అంచున, మొదటి గుర్తు పడింది. అప్పటికే మేము గుడ్డల నాలుగు కొసలూ కలిపి మూటలు కట్టడం మొదలుపెట్టాం. సగ్గుబియ్యం వడియాలు పైన గట్టిపడి, అడుగున ఇంకా గుడ్డకు అంటుకునే ఉన్నాయి. వాటిని ఊడబెరక్కుండా గుడ్డతో సహా చుట్టి మెట్ల గదిలో దండెం మీద వేలాడదీశాం. ఆఖరి మూట లోపలికి చేరాక గాలి లేచింది. ఎదురింటి రేకులు టపటపలాడాయి, రోడ్డు మీద గుల్‌మొహర్ కొమ్మ ఒకటి విరిగి కరెంటు తీగల మీద వాలింది. ఆ తర్వాత రేగుపండంత వడగళ్లు మేడంతా టపటప రాలాయి. గుర్తులు కనిపించినప్పటి నుంచి గాలి లేచేదాకా ముప్పావు గంటకు పైగా సమయం దొరికింది. మాకు కావలసిందీ అంతే.

దామిని చూపించేది ఇప్పటికే మెరిసిన మెరుపులను. తలమీదే పుట్టే మేఘానికి ఇంత ముందస్తు సమయం దొరకదు. గాలివానలో కరెంటు పోయి మొబైల్ సిగ్నల్ బలహీనపడినప్పుడు యాప్ నవీకరణ నిలిచిపోతుంది కూడా. అలాంటప్పుడు పాత లెక్కే దిక్కు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి పట్టే ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లు లెక్కపెట్టేలోపే ఉరుము వినబడితే పిడుగు మనదాకా రాగల దూరంలో ఉన్నట్టు. అప్పుడు మేడ మీద ఎంత సరుకున్నా దిగిపోవాలి. ఆఖరి ఉరుము వినబడిన తర్వాత అరగంట గడిచేదాకా పైకి ఎక్కకూడదు. నీళ్ల ట్యాంకులు, ఇనుప దండేలు, సోలార్ హీటర్ పలకలు ఉండే మేడ చుట్టుపక్కల అన్నింటికన్నా ఎత్తైన చోటు. వడియాలు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు.

ఫోన్‌తో వచ్చే సూచనల గురించి పేరు పెట్టకుండా చెబుతాను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీకి చెందిన లోపం కాదు. అదే వారంలో ఒక సాయంత్రం అలాంటి యాప్ ఒకటి మర్నాటికి ఉదయం నుంచి రాత్రి దాకా సూర్యుడి బొమ్మలే వరసగా చూపించింది. వాతావరణ శాఖ హెచ్చరిక పసుపులోనే ఉంది. మర్నాడు నాలుగింటికి వాన దంచికొట్టింది. ఇంకో రోజు అదే యాప్ పొద్దున తొమ్మిది నుంచే వాన బొమ్మ పెట్టింది. మూడింటిదాకా నిక్షేపంగా ఎండ కాసింది. ప్రపంచమంతటినీ గళ్లుగా విభజించి లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ల నుంచి ఈ బొమ్మలు వస్తాయి. ఒక్కో గడి పది కిలోమీటర్ల దరిదాపు వెడల్పున్నప్పుడు, అంతే వెడల్పున్న మేఘం ఏ గంటకు ఏ గడిలో పుడుతుందో చెప్పడం మోడల్‌కు సాధ్యం కాదు. చెప్పలేని విషయానికి గంట పేరు పెట్టి బొమ్మ చూపించడమే నాకు అభ్యంతరం. ఇక్కడ మన దేశం చేసిన ప్రయత్నం చెప్పుకోదగ్గది. 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి వెడల్పును 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గించింది. దానివల్ల ఉరుముల మేఘం చిరునామా ముందురోజే తెలిసిపోతుందని కాదు గాని, జిల్లాలో ఏ భాగంలో అవకాశం ఎక్కువో చెప్పగలిగే దారి అది.

రాడార్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చెన్నైలో 2002లోనే డాప్లర్ వాతావరణ రాడార్ ఏర్పాటైంది. ఐటీ రాజధాని అనిపించుకున్న బెంగళూరు మాత్రం చాలాకాలం సొంత రాడార్ లేకుండా ఆ చెన్నై రాడార్ చూపుమీదే నెట్టుకొచ్చింది. రెండు నగరాల మధ్య సూటిగా కొలిస్తే దాదాపు 290 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల రాడార్ కిరణం అంత దూరం వచ్చేసరికి ఆరేడు కిలోమీటర్ల ఎత్తుకు లేచిపోతుంది. మేఘం తలభాగం కనిపిస్తుంది గాని, వాన కురిసే కింది భాగం కనిపించదు. మేఘం బాగా ఎదిగాక గాని దాని ఉనికే తెలియదు. మూడు గంటల సూచనకు అసలు ఆధారమే రాడార్ కనుక, కోటిమందికి పైగా ఉన్న నగరం ఈ విషయంలో వెనకబడడం నాకు బాధ కలిగించే సంగతి. అంతటి లోటుతోనూ ఇక్కడి వాతావరణ కేంద్రం ఇంత చక్కటి హెచ్చరికలు ఇస్తూ వచ్చినందుకు అక్కడి ఉద్యోగుల మీద గౌరవం పెరుగుతుంది.

ఎక్కడ ఎంత పడిందో తెలుసుకోవడానికి యలహంకలోని కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం మంచి ఆధారం. రాష్ట్రమంతటా గ్రామపంచాయతీ స్థాయి దాకా, నగరంలో వేర్వేరు ప్రాంతాల్లో, తమంతట తామే సమాచారం పంపే వర్షమాపకాలు వీరికి ఉన్నాయి. వరుణమిత్ర అనే వీరి సహాయవాణి రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌తో కలిసి బెంగళూరు మేఘ సందేశ అనే యాప్ కూడా తెచ్చారు. పత్రికల్లో చదివే "బెంగళూరులో ఇంత వాన" అన్న అంకె సాధారణంగా ప్యాలెస్ రోడ్డు దగ్గరి నగర వాతావరణ కేంద్రానిది. 2024 జూన్ 2న అక్కడ ఒక్క రోజులో 111.1 మిల్లీమీటర్లు పడి, జూన్ నెలకు 1891 నుంచి నిలిచి ఉన్న రికార్డు చెరిగిపోయింది. తూర్పు వైపున్న మాలాంటివారికి హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం అంకె ఎక్కువ దగ్గర. వాతావరణ శాఖకు వర్షపు రోజు అంటే ఉదయం 8.30 నుంచి మర్నాటి ఉదయం 8.30 వరకు అని గుర్తుంచుకోవాలి. నిన్న సాయంత్రం పడిన వాన ఈ రోజు తేదీ మీద కనిపించేది అందుకే.

వారం రెండో సగానికి వస్తే, ఇక్కడ వాతావరణ శాఖ సూచన మరింత కచ్చితంగా నిలిచింది. ద్రోణి బలహీనపడి, రానున్న రోజుల్లో గరిష్ఠ ఉష్ణోగ్రతలు క్రమంగా 2 నుంచి 3 డిగ్రీలు పెరగవచ్చని మౌసమ్ సూచన రెండు రోజుల ముందే చెప్పింది. సరిగ్గా అలాగే జరిగింది. ఉష్ణోగ్రత విశాలమైన ప్రాంతం మీద నెమ్మదిగా మారే విషయం కనుక అయిదు రోజుల ముందు చెప్పిన అంకె కూడా ఒకటి రెండు డిగ్రీల తేడాలో నిలబడుతుంది. ఇంత నమ్మకంగా ఎండ రోజులు తెలిసినప్పుడు గుమ్మడికాయలు ఒకేసారి టోకున కొనుక్కోవచ్చు, పప్పు ఎక్కువగా నానబెట్టుకోవచ్చు, సాయానికి ఇంకొకరిని పిలుచుకోవచ్చు. మాకు డబ్బు రూపంలో మేలు జరిగింది ఈ సగం వల్లనే.

ఒక సూక్ష్మం ఉంది. వాన వెలిసిన మొదటి రోజు ఎండ తీక్షణంగా కనిపించినా వడియం ఎండదు. తడిసిన నేల నుంచి ఆవిరి లేచి గాలి బరువెక్కుతుంది, ఉక్కపోస్తుంది. పొద్దున పెట్టిన వడియం సాయంత్రానికి పైన పెళుసుగా, లోపల ముద్దగా ఉంటుంది. రెండో రోజు నుంచి పొడిగాలి తిరుగుతుంది. మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం దరిదాపుకు దిగి, కొంచెం గాలి కూడా ఉంటే, ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తక్కువైనా సరుకు గలగలమని ఎండుతుంది. ఈ తేమ లెక్క కోసం వాతావరణ శాఖ వారి మౌసమ్‌గ్రామ్ చూడాలి. 2024లో మొదలైన ఈ సేవలో పిన్‌కోడ్ ఇచ్చి మన ప్రాంతానికి 36 గంటల వరకు గంటగంటకూ, అయిదు రోజుల వరకు మూడు గంటలకొకసారి, పది రోజుల వరకు ఆరు గంటలకొకసారి ఉష్ణోగ్రత, తేమ, గాలి, మబ్బు అంకెలు చూడవచ్చు. వాన అంకెను పక్కనపెట్టి తేమ, గాలి అంకెలను చూసి పని పెట్టుకుంటే ఇది అద్భుతమైన సేవ. ఆవకాయ ముక్కలు తుడిచి ఆరబెట్టుకునేవారికీ, మాగాయ ముక్కలు ఎండబెట్టుకునేవారికీ కూడా ఇదే చెబుతాను.

ఎండ ముదిరాక హెచ్చరికల పరంగా బెంగళూరుకు ఒక చిక్కు ఉంది. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరాకే వడగాలి ప్రకటనకు అవకాశం ఉంటుంది. ఈ నగరంలో ఏప్రిల్ సగటు గరిష్ఠం 34 డిగ్రీల దరిదాపు. ఇప్పటివరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు. అంటే ఈ ఊరు చూసిన అతి పెద్ద ఎండకు కూడా ఆ కొలత ప్రకారం వడగాలి పేరు రాదు. విజయవాడలోనో కడపలోనో 38 డిగ్రీలు మామూలు ఎండే కావచ్చు; చల్లటి ఊరికి అలవాటుపడిన ఒంటికి, ఫ్యాను మాత్రమే ఉన్న పై అంతస్తు గదిలో నిద్రపోయేవారికి, అది మామూలు ఎండ కాదు. మేడ సిమెంటు నేల మధ్యాహ్నానికి కాలు మోపలేనంతగా కాలుతుంది. యాప్‌లో రంగు ఆకుపచ్చగానే ఉందని ఎవరూ పన్నెండు నుంచి మూడు దాకా మేడ మీద ఉండకూడదు. మేము పదింటిలోగా వడియాలు పెట్టేసి దిగిపోయి, మళ్లీ నాలుగింటికి తిరగేయడానికి ఎక్కుతాం. సగటు కంటే ఎంత పెరిగిందన్న దాన్ని బట్టి ఈ నగరానికి ప్రత్యేకంగా ఒక ఎండ హెచ్చరిక పెడితే వేలాదిమంది కూలీలకు, తోపుడుబండ్లవారికి మేలు జరుగుతుంది. ఈ సేవల్లో నాకు అన్నింటికన్నా పెద్ద లోటుగా కనిపించింది ఇదే.

ఈ సేవలన్నీ ఉచితం. చిత్తూరు, మదనపల్లె వైపు తోటలు, టమాటా పొలాలు ఉన్న బంధువులకు కూడా దామిని వేయించండి. అక్కడ పిడుగు హెచ్చరికలు మండలాల పేర్లతో ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి కూడా వస్తుంటాయి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ వారి సచేత్ యాప్ కూడా ఫోన్‌లో ఉంటే, మనం ఏ జిల్లాలో ఉన్నా అక్కడి హెచ్చరిక అందుతుంది. దామిని వేసుకున్నాక లొకేషన్ అనుమతి ఎప్పుడూ ఉండేలా పెట్టి, బ్యాటరీ పొదుపు జాబితా నుంచి దాన్ని తప్పించాలి. లేకపోతే ఫోన్ దాన్ని నిద్రపుచ్చి, హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఫోన్ నిండా చార్జింగ్ ఉండేలా చూసుకోండి. గాలివానకు కరెంటు పోతే ఈ నగరంలో ఎప్పుడొస్తుందో చెప్పలేం. తీగల మీద కొమ్మ పడితే ఇక్కడి కరెంటు సంస్థ బెస్కామ్ వారి 1912కు ఫోన్ చేయాలి, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.